కోరుట్ల ఇంట్ల రెండో మనిషి

కొత్తగ ఈ పనిల చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తరు. "మేడం, సెన్సర్ గోడకు ఎంత ఎత్తుల పెట్టాలె?" అని అడుగుతరు. ఎత్తు సంగతి డబ్బ మీదనే రాసి ఉంటది. నేను మాత్రం, "ముందుగాల ఆ ఇంట్ల చాయ్ తాగినవా?" అని అడుగుత. ముసల్ది మాట మారుస్తుందనుకుంటరు. అనుకోనియ్యి. చాయ్ తాగకుంట పెట్టిన సెన్సర్లతోని మాకు ఎన్ని తిప్పలొచ్చినయో మీకు తెల్వదు. కోరుట్లల ఒక ఇంటి ముచ్చట చెప్త, వినుండ్రి.

నేను జగిత్యాలల ఐటీఐల ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునేదాన్ని. రిటైరై ఇంటికొచ్చినంక నాకు మిగిలిన పని ఒక్కటే, మా ఇంటాయన చూసే టీవీల తప్పులు పట్టుడు. గందుకే, నా దగ్గర చదువుకున్న పిలగాడు ఒకడు పెద్దోడై, సొంతంగ చిన్న కంపెనీ పెట్టి, నన్ను పనికి పిలువనీకి వస్తే, నాకంటె ముందు మా ఇంటాయననే సరే అన్నడు.

ఆ పిలగాడు పెట్టిన కంపెనీ పని ఇది. ముసలోళ్ళు ఒంటరిగ ఉన్న ఇండ్లల్ల గోడలకు అగ్గిపెట్టెంత డబ్బలు పెడుతం. వాటిల కెమెరా ఉండది, మైకు ఉండది. అర్రల మనిషి కదిలితే కదిలినట్టు, తలుపు తీస్తే తీసినట్టు తెలుసుకోని, దూరమున్న కొడుకుకో బిడ్డకో ఫోన్ల చెప్తయి. చాలాసేపు ఏ కదలికా లేకుంటే హెచ్చరిస్తయి. గంతే.

"మేడం, మొగోళ్ళం పోతే ముసలమ్మలు బాత్రూం దాకా రానిస్తలేరు. మీరైతే నమ్ముతరు" అన్నడు మా పిలగాడు.

"ఎందుకు? నేను కూడ ముసల్దాన్ననా?"

"అవును మేడం" అన్నడు. అని నాలిక కరుచుకున్నడు.

ఆ రోజుసంది నలుగురి ముందట నేను వాన్ని 'సార్' అన్న, వాడు నన్ను 'మేడం' అన్నడు. ఎవరి మర్యాద వాళ్ళకు దక్కింది.

నాతోని ఇండ్లకు వచ్చేటాయన ఒకప్పుడు కేబుల్ టీవీ వైర్లు గుంజినోడు. గోడ ఎక్కుడు, మొల కొట్టుడు, వ్యాన్ నడుపుడు ఆయన పని. నోరు కూడ ఆయనదే. నన్ను అక్కా అంటడు, నేను తమ్మీ అంట. మొదట్ల మేమిద్దరం మేడిపల్లిల ఒక పెద్దమనిషి ఇంట్ల చాయ్ కూడ తాగకుంట జల్దీ జల్దీ సెన్సర్లు పెట్టి వచ్చినం. వారం తిరగకముందే ఆయన కొడుకు పరేషానై ఫోన్ చేసిండు. "మా బాపు పొద్దంత వంటింట్ల ఇటు అటు తిరుగుతుండు, ఒక్క నిమిషం కూసుంటలేడు, పిచ్చి గిట్ల లేసిందా?" అని. పోయి చూస్తే పెద్దమనిషి చెట్టు కింద చుట్ట తాగుకుంట నిమ్మళంగ ఉన్నడు. వంటింట్ల ఆయన పెంచుకునే కోడి, పిల్లలతోని తిరుగుతున్నది. ఆ రోజుసంది మా తమ్మి ఏ ఇంటికి పోయినా ముందుగాల "కోళ్ళున్నయా?" అని అడుగుడు మొదలువెట్టిండు. నిండు పట్నంల, మేడ మీద ఉండేటోళ్ళను కూడ అడుగుతుండె.

ఇగ కోరుట్ల సంగతి. అక్కడ డెబ్బై దాటిన ఒకామె ఒక్కతే ఉంటది. ఏండ్లకేండ్లు బీడీలు చుట్టిన మనిషి. ఆమెకు ఒక్కతే బిడ్డ. బిడ్డ సిరిసిల్లల ఉంటది, లంగాలు కుట్టే మిషన్లు పెట్టి పదిమంది ఆడోళ్ళకు పనిస్తది. తల్లిని వచ్చి తన దగ్గరుండమంటే, "మీ సిరిసిల్లల బట్ట నేసే సాంచెల చప్పుడుకు నాకు నిద్ర పట్టది" అంటదట. ఒకసారి కండ్లు తిరిగి నల్ల కాడ పడ్డది. గప్పుడు బిడ్డ మా దగ్గరికి వచ్చింది.

"మా బాపు బొంబాయి దిక్కు భీవండికి సాంచెల మీద పనికని పోయి, ఆడనే ఇంకొకామెను చేసుకున్నడు మేడం" అన్నది, చెప్పక తప్పదన్నట్టు. "ఆయన మళ్ళ రాలే. ఆడనే కాలం చేసిండు. ఆ భీవండామె పేరు మా ఇంట్ల ఎత్తం. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను సాదింది. నాకున్నది ఆమె ఒక్కతే."

తల్లి మాత్రం మమ్ముల చూడంగనే కొట్లాటకు దిగింది. "కెమెరాలు పెడుతరా? నేను తలకు నూనె రాసుకునేది, బట్టలు మార్చుకునేది నా బిడ్డ సిరిసిల్లల కూసోని చూస్తదా? నేనేమన్న సీరియల్నా?"

"కెమెరా కాదక్కా" అన్న. "దీనికి కన్ను లేదు, చెవి లేదు. మనిషి అటు పోతే పోయిందంటది, తలుపు తీస్తే తీసిందంటది."

ఆమె డబ్బను చేతిల పట్టుకోని తిప్పితిప్పి చూసింది. "కన్ను లేదు, చెవి లేదు, గని చాడీలు మాత్రం చెప్తదన్నట్టు" అన్నది. అని చాయ్ పెట్టనీకి లేచింది. చాయ్ అంటే ఒప్పుకున్నట్టే లెక్క.

వంటింట్ల ఒకటి, లోపలి అర్రల ఒకటి, బాత్రూంల ఒకటి, వీధి తలుపుకు ఒకటి పెట్టినం. ఆపద వస్తే ఒత్తనీకి మెడల వేసుకునే బటన్ ఒకటి ఇచ్చినం. మా తమ్మి కోళ్ళ సంగతి అడిగి తిట్లు తిన్నడు.

కొన్ని నెలలు మంచిగనే నడిచింది. ఒకరోజు బిడ్డ ఫోన్ చేసింది.

"మేడం, మా అమ్మ వంటింట్ల, బాత్రూంల రెండుతాన్ల ఎట్లుంటది?"

"ఒకటెనుక ఒకటా?"

"కాదు. ఒక్కసారే. రోజు గిట్లనే చూపెడుతుంది."

సార్ సాఫ్ట్‌వేర్ తప్పన్నడు. మా తమ్మి పిల్లి అన్నడు. నేను తల అడ్డం తిప్పితే, గొంతు తగ్గించి, "అక్కా, ఎవరన్న మొగమనిషి..." అన్నడు.

"ఆమెకు డెబ్బై దాటినయి తమ్మీ."

"అయితే ఏందక్కా?" అన్నడు.

బ్యాటరీలు మార్చాలెనని సాకు చెప్పి నేనొక్కదాన్నే పోయిన. అక్క తలుపు సగమే తీసింది. "మొన్ననే పెట్టి పోతివి. అప్పుడే అయిపోయినయా? నీ డబ్బలు నాకంటె ఎక్కువ తింటున్నయి" అన్నది. లోపలికి రమ్మనలే. నేనే, "ఎండల వచ్చిన, ఒక చాయ్ పొయ్యి అక్కా" అన్న. చాయ్ అడిగిన మనిషిని కడప బయట నిలవెట్టుడు ఆమెకు చేతకాలే.

లోపలి అర్రల మంచం మీద ఒక సన్నటి ఆడమనిషి కూసోని ఉన్నది. కుడి చెయ్యి ఒళ్ళె ముడుచుకోని ఉన్నది. నన్ను చూసి లేవబోయింది, కాలు సహకరించలే.

"ఎవరక్కా?" అన్న.

"నా సవతి" అన్నది, పక్కింటామె అన్నట్టే.

చాయ్ తాగుకుంట ముచ్చటంత చెప్పింది. మొగడు పోయినంక భీవండామె తంగళ్ళపల్లిల తన తమ్ముని ఇంటికి వచ్చింది. అక్కడ పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. తమ్ముని పెండ్లాం ఆమెను సాంచెల షెడ్డుల ఒక మూలకు పండవెట్టింది. ఈ సంగతి అక్కకు ఒక పెండ్లిల ఎవరో చెప్పిండ్రు.

"మంచిగైంది అనుకున్న. కడుపుల ఎన్ని తిట్లున్నయో అన్ని తిట్టి వద్దామని బస్సెక్కి పోయిన. పోయి చూస్తే దీని నోట్లె మాటనే లేదు. ఎదురు మాట్లాడని దాన్ని ఎట్ల తిడుతవు చెల్లే? మజా ఏమున్నది? ఈగలు ముసురుతున్నయి మీద. ఆటోల ఎక్కించుకోని వచ్చిన."

"మరి ఇప్పుడు తిడుతలేవా?"

"ఎందుకు తిట్ట? పొద్దుగాల లేవంగనే మొదలువెడుత. నేను తిట్టాలె, అది వినాలె. ఇసొంటి సవతి ఎవరికి దొరుకుతది చెప్పు!"

మంచం మీద మనిషి సగం మూతితోని నవ్వింది. అక్క లేచి, ఆ మూతి తుడిచి, గిలాస ఎడమ చేతికి అందించింది.

"బిడ్డకు చెప్పలేదా?" అని అడిగిన.

అప్పటిదాకా ఉన్న హుషారు పోయింది అక్కకు. "దాని బాధ దానికున్నది చెల్లే. మీ బాపు ఏడని బడిల అడిగితే ఏడ్చుకుంట ఇంటికొచ్చేది. దీన్ని తెచ్చిన అని తెలిస్తే నా కడప తొక్కది. మెల్లగ నేనే చెప్త. నువ్వు చెప్పకు."

"నేను చెప్ప. గని జల్దీ చెప్పు అక్కా."

"బతుకమ్మ పండుగ రానీ" అన్నది. తరువాత పోతే దసరా అయిపోనియ్యి అన్నది. ఆ తరువాత చలి తగ్గాలన్నది. బిడ్డ కోరుట్లకు వస్తున్న అన్న ప్రతిసారి, "రాకు, నేనే వస్త" అని తానే బస్సెక్కి సిరిసిల్లకు పోయి వచ్చేది.

పోయేటప్పుడు మెడల బటన్ ఏదని అడిగిన. బియ్యం డబ్బల వేసిందట. వంగినప్పుడల్ల నొక్కుకోని మోగుతుందట. నేను తీసి మొలకు తగిలిస్తే, నేను పోంగనే మళ్ళ బియ్యంలకే పోయేది. సవతి గోడ పట్టుకోని మెల్లగ ఇంట్ల తిరుగుతది గని, వీధి తలుపును మాత్రం ఆమెను ముట్టనియ్యకపోయేది. "ముట్టకు. నువ్వు తీస్తే సిరిసిల్లల నా బిడ్డ ఫోను టింగుమంటది" అని నా ముందటనే బెదిరిచ్చింది.

బిడ్డకు నేను ఒక్క అబద్ధం చెప్పలే. "డబ్బలు మంచిగనే ఉన్నయి, అమ్మ మంచిగనే ఉన్నది" అన్న.

"మరి రెండు అర్రలల్ల ఒక్కసారి ఎట్ల?"

"గది అమ్మనే అడుగుండ్రి" అన్న.

ఆమెకు కోపమొచ్చింది. అమ్మను అడిగితే పిల్లి అన్నదట. నన్నిడిచిపెట్టి మా సార్‌కు ఫోన్ చేసింది. సార్ నన్ను ఆఫీసుకు పిలిచిండు.

"మేడం, గోడ గడియారంల చిన్న కెమెరా పెట్టుమంటుంది. ముసలామెకు తెల్వది కదా?"

"డబ్బలకు కన్ను లేదని ఆమెకు మాట ఇచ్చి పెట్టినం సార్."

"పైసలిచ్చేది బిడ్డ కదా మేడం. ఆ ఇంట్ల ఏం జరుగుతుందో మీకు తెలుసు, చెప్తలేరు."

"సార్," అన్న, "మీరు ఐటీఐల ఉన్నప్పుడు ల్యాబ్‌ల పెద్ద మోటర్ కాలింది. ఎవరు కాలవెట్టిండ్రని ప్రిన్సిపాల్ నన్ను అడిగిండు. నేను చెప్పిన్నా?"

ఆయన మొకం చూడాలె గప్పుడు. "అది నేనని మీకు ఎరుకనా మేడం?"

"అదే రోజు ఎరుక."

ఫ్యాన్ దిక్కు చూసిండు. "కెమెరా వద్దని చెప్త" అన్నడు.

ఇదంత నవ్వులాటగనే ఉండె, ఆ పగటిపూట దాకా.

ఆ రోజు మేం మేడిపల్లిల ఒక ఇంట్ల డబ్బలు పెడుతున్నం. బిడ్డ ఫోన్ వచ్చింది. "మేడం, మీ మిషన్‌కు పిచ్చి లేసింది. మా అమ్మ తలుపు తీసుడు మూసుడు, తీసుడు మూసుడు, ఆగుతలేదు. ఫోను టింగుటింగుమని మొత్తుకుంటుంది. ఇక్కడ కుట్టేటోళ్ళంత నవ్వుతున్నరు."

"అమ్మకు ఫోన్ చేసిండ్రా?"

"చేసిన, ఎత్తుతలేదు. తలుపుతోని ఆడుకుంటుంది కదా!"

నా ఫోన్ల తీసి చూసిన. బాత్రూంల కదలిక వచ్చి, ఆగిపోయి చాలాసేపైంది. పగటి వంట పొద్దాయె, వంటింట్ల ఎవరు లేరు. వీధి తలుపు మాత్రం తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

"తలుపు డబ్బ అయస్కాంతం ఊడిందేమో అక్కా" అన్నడు మా తమ్మి.

"ఊడితే ఒక్కసారి తెరిచినట్టు చూపెట్టి ఊకుంటది తమ్మీ. గిట్ల మూసినట్టు చూపెట్టది. ఎవరో చేతితోని చేస్తున్నరు." ఎవరో నాకు సమజైంది. ఎందుకో కూడ సమజైంది.

"అమ్మా, మీరు బయలుదేరుండ్రి. మీ అమ్మ బాత్రూంల పడ్డట్టున్నది" అన్న ఫోన్ల.

"పడ్డామె తలుపెట్ల తీస్తది మేడం?"

సరైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే అక్కకిచ్చిన మాట పోతది. చెప్పకుంటే ఈమె నమ్మది, కదలది. ఇన్నేండ్ల నౌకరీల నేను అంత జల్దీ ఏదీ తేల్చుకోలే.

"తలుపు తీస్తున్నది మీ అమ్మ కాదు."

"మరెవరు?"

"నోట్ల మాట లేని మనిషి. పిలువనీకి రాక తలుపుతోని పిలుస్తుంది. మిగిలింది మీ అమ్మను అడుగుదురు గని, ముందుగాల బయలుదేరుండ్రి."

ఫోన్ పెట్టేసి 108కు చేసిన. ఆపదకని బిడ్డ నంబర్ రాసిచ్చిన పక్కింటామెకు చేస్తే, వాడంత కథలాపూర్‌ల పెండ్లికి పోయినమన్నది. ఇగ మా తమ్మి వ్యాన్ తీసిండు. కోరుట్ల దాకా హారన్ మీది చెయ్యి తియ్యలే.

వాడ సప్పుడు లేకుంట ఉన్నది. ఇంటి తలుపు కాడ భీవండామె ఉన్నది. ఒంటికాలి మీద బరువేసి, భుజం గోడకు ఆనిచ్చి, ఎడమ చేతితోని తలుపు గుంజుతున్నది, నెడుతున్నది. ముందటి మెట్లు ఎత్తు, దిగితే పడిపోతది, దిగలే. మమ్ముల చూసినంక కూడ ఆపలే. నేను పోయి చెయ్యి పట్టుకుంటే గప్పుడు ఆగింది. అరచెయ్యి తోలు లేచి ఎర్రగైంది.

లోపల బాత్రూంల అక్క కింద పడి ఉన్నది. తల కింద మెత్త ఉన్నది, మీద చెద్దరు ఉన్నది. ఒక్క చేతితోని ఆ మెత్త ఎట్ల తెచ్చిందో, తల ఎట్ల లేపిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అక్క మొకం తెల్లగైంది. నన్ను చూసి, "వచ్చినవా చెల్లే? దానికి చెప్పు, తలుపు ఊడదీసేటట్టున్నది" అన్నది. అని కండ్లు మూసుకున్నది.

108 వచ్చింది. మా తమ్మి అక్కతోని జగిత్యాల దవాఖానకు పోయిండు. భీవండామె వెంట దిగుతానని మెట్ల దాకా వచ్చి, దిగలేక అక్కడనే కూలబడ్డది. నేను ఆమెతోని ఉండిపోయిన.

బిడ్డ ముందుగాల దవాఖానకే పోయి, తుంటి బొక్క విరిగిందని, ప్రాణానికి భయం లేదని తెలుసుకోని, పొద్దుగూకేటప్పుడు తల్లి బట్టల కోసం ఇంటికి వచ్చింది. తోవల మా తమ్మి ఫోన్ల తల్లి నోటితోనే సంగతంత విన్నదట. కడప కాడ నిలబడ్డది. లోపలికి రాలే.

"మీకు ఎరుకనే" అన్నది నాతోని.

"ఎరుకనే."

"నేను అడిగిన. పైసలు నేనిస్తున్న."

"పైసలు మీవే అమ్మా. ఇల్లు ఆమెది. చెప్పొద్దన్నది."

ఆమె నన్ను ఇంకేమో అనబోయింది, గని చూపు మంచం దిక్కు పోయింది. భీవండామె లేచి నిలబడనీకి చూస్తుంది. పిల్లలు తప్పు చేసినప్పుడు పెద్దోళ్ళ ముందట నిలబడ్డట్టు, తల వంచుకోని.

"గీ మొకాన్ని ఏనాడు చూడలే మేడం. ఎదురువడితే గిట్ల అనాలె, గట్ల అనాలె అని చిన్నప్పటిసంది మనసుల రాసుకున్న."

"అనుండ్రి. మీ అమ్మ రోజు అంటనే ఉన్నది" అన్న.

నవ్వో ఏడుపో తెల్వని చప్పుడొకటి వచ్చింది ఆమె గొంతులకెల్లి. తరువాత ఆ తోలు లేచిన అరచేతి దిక్కు చూసింది.

"పగటిసంది ఏమన్న తిన్నదా?"

"లేదు."

చెప్పులిడిసి వంటింట్లకు పోయింది. బియ్యం డబ్బల గిద్దె ముంచిందో లేదో, ఆమె సంచిల ఉన్న ఫోనే "ఆపద! ఆపద!" అని మొత్తుకున్నది. గిద్దె కింద బటన్ నొక్కుకున్నది. ముగ్గురం ఉలిక్కిపడ్డం. బియ్యంలకెల్లి బటన్ తీసి పట్టుకోని, "మెడల వేసుకొమ్మంటే గీడ దాసిందా?" అన్నది. భీవండామె సగం మూతితోని నవ్వింది, చెయ్యితోని 'రోజూ గంతే' అన్నట్టు చూపెట్టింది. బిడ్డ ఆ బియ్యం డబ్బ పక్కపొంటి కూసోని నవ్వి నవ్వి ఏడ్చింది. తరువాత అన్నం వండింది.

అక్కకు ఆపరేషన్ అయి రాడ్ వేసిండ్రు. సిరిసిల్లకు తీసుకపోతానని బిడ్డ అంటే, "రెండు మంచాలుంటేనే వస్త" అన్నదట మంచం మీదికెల్లి. రెండు మంచాలు వేసిండ్రు. సాంచెల చప్పుడుకు అక్కకు నిజంగనే నిద్ర పట్టలే. భీవండామె మాత్రం ఆ చప్పుడుల జీవితమంత గడిపిన మనిషి, పండంగనే గుర్రు పెట్టేది. దాని మీద కూడ అక్క తిట్లు తిట్టింది. నడువ వచ్చినంక ఇద్దరు కోరుట్లకు వాపసు వచ్చిండ్రు. మెట్లకు ఇనుప కడ్డీ పెట్టిచ్చిండ్రు, అన్నం వండనీకి ఒకామెను పెట్టిండ్రు. బిడ్డ ఆదివారం ఆదివారం వస్తుంది. భీవండామెతోని ఎక్కువ మాట్లాడదట. తలకు నూనె మాత్రం రాస్తదట.

డబ్బలు మళ్ళ పెట్టేటప్పుడు ఆ బిడ్డ ఒక్కటే మార్పు అడిగింది. మా యాప్‌ల రోజు పొద్దుగాల 'అమ్మ లేచింది' అని ఒక మెసేజ్ పోతది. దాన్ని తీసేసి, 'లేచిండ్రు' అని పెట్టుమన్నది.

మా సార్ కంప్యూటర్ ముందట కూసోని తల గోక్కున్నడు. "మేడం, 'లేచిండ్రు' అంటే వాళ్ళమ్మకు మర్యాద ఇస్తుందా, ఇద్దరని అంటుందా? కొంచెం కనుక్కోండ్రి" అన్నడు.

నేను ఫోన్ చేసి అడిగిన. అటుపక్క కుట్టుమిషన్లు ఆగకుంట నడుస్తున్నయి.

"రెండిట్ల ఏదైనా లేచిండ్రు అనే కదా మేడం రాసుడు" అన్నది. "గంతే పెట్టుండ్రి."